దక్షిణామెరికా వెండి నాణెములు

నెల్లూరు సీమ పడమటి మెట్టయందలి కలువాయికిని, భూగోళమున కావలి ప్రక్కన ఆండీసు పర్వతములపై నాలుగువేల మీటరుల ఎత్తున నున్న పొటోసి నగరమునకును సంబంధ మేమని శ్రోతలు నన్నడుగవచ్చును. ఆ సంబంధము మా యింట దేవుని గూటిలో నొక చిన్న యిత్తడి పెట్టెలో నుండెడిది. దానిని తెలిసికొనుటకు నాకు నలువది యేండ్లు పట్టినది. ఆ కథతోనే నేటి ప్రసంగము నారంభింతును.

ఆ పెట్టెలో రెండు పెద్ద వెండి బిళ్ల లుండెడివి. ఒక ప్రక్క గోపురము, దానికి ఇరువైపుల నక్షత్రములు. రెండవ ప్రక్క పద్మమునుండి వెలువడు దేవుని మూర్తి. ఇంటివారు వానిని ‘గోపురపు బిళ్ల’ లనెడివారు. వరలక్ష్మీ వ్రతమునాడు మా మేనత్త వానిని పాలతో కడిగి కుంకుమ పెట్టి కలశముముందుంచెడిది. నాకు పదియేండ్ల వయసున మా యింట నొక శిశువు బాలసారెకు వెండి మొలత్రాడు కావలసివచ్చెను. వెండి కొనుటకు చేతిలో పైకము లేదు. కంసాలి వచ్చి, రెండు బిళ్లలలో నొకదానిని మూసలో వైచెను. నేను కుంపటి ప్రక్కన కూర్చుండి చూచితిని. మొదట గోపురము మసకబారెను. పిదప అంచులు కుంగెను. కడకొక వెండి బొట్టు మాత్రము నిలిచి తళతళలాడెను. అది నాకొక వేడుకగానే యుండెను.

రెండవ బిళ్ల మిగిలినది. చాలకాలమునకు దానిని భూతద్దముతో చూచితిని. దేవుని మూర్తి చుట్టును అర వరహా యని తెలుపు తెలుగక్షరములు, తమిళాక్షరములు ఉన్నవి. గోపురము చుట్టును అదే మాట ఇంగ్లీషులోను పారసీలోను ఉన్నది. అయితే తెలుగక్షరముల సందున మరియొక లిపి జాడ కనబడెను. ఐ, ఎన్, డి యను మూడు రోమను అక్షరములు సగము చెరిగి, పాత గోడపై సున్నము క్రింద కనబడు వ్రాతవలె నుండెను. ఆ మూడక్షరములే నన్ను దక్షిణామెరికా నాణెముల వెంట త్రిప్పినవి.

అవి స్పెయిను రాజుల వెండి డాలరులపై నుండెడి లాటిను వాక్యములోనివి. ‘స్పెయినునకును ఇండీసు దేశములకును రాజు’ అని ఆ వాక్యమున కర్థము. ఇండీసు అనగా వారి వాడుకలో అమెరికా. కొలంబసు పొరపాటున పెట్టిన పేరు నాణెములపై గూడ నిలిచిపోయినది. ఆ పేరు మోసిన వెండి కడకు నిజమైన హిందూదేశమునకే చేరి, మన యక్షరములక్రింద నణగుట యొక వింత.

ఆ వెండి యిచ్చటి కెట్లు వచ్చినదో చెప్పెదను. 1545లో పొటోసియందలి కొండలో వెండిగని కనుగొనబడినది. 1570 తరువాతి దశాబ్దమున నచ్చట టంకశాల వెలసినది. లిమాలో 1568లోను, మెక్సికోలో 1536లోను టంకశాలలు పని నారంభించినవి. గనులలోని పనికి ఆ దేశపు టిండియనులను వెట్టికి పట్టెడివారు. ‘మీత’ యను ఆ పద్ధతిని 1573లో రాజప్రతినిధి తొలేదో కట్టుదిట్టము చేసెను. నిర్ణీత మండలములలోని పురుషులలో నేడుగురి కొకడు చొప్పున వంతులవారిగా గనికి పోవలసి యుండెను. పాతాళమువంటి సొరంగములలో పనిచేసి తిరిగి రానివారెందరో. ఆ వెండి చేతికి తీసికొన్నప్పుడు ఈ మాట మరవరాదు.

అట్లు ముద్రింపబడిన వానిలో ముఖ్యమైనది ఎనిమిది రియాళ్ల నాణెము. దానినే స్పానిషు డాలరందురు. తూనిక 27 గ్రాములు. మన తులములలో రెండుంబావునకు కొంచెము మించును. పదునెనిమిదవ శతాబ్ది చివరి దినములలో దాని వన్నె వేయింట సుమారు 900 పాళ్లు. ఐరోపా వర్తకులు మన తీరమునకు వచ్చునప్పుడు మనకు కావలసిన సరకు వారివద్ద స్వల్పము. వారికి కావలసిన బట్ట మనవద్ద విస్తారము. కావున వారు వెండియే తెచ్చిరి. డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున స్థిరపడిరి. 1626లో ఇంగ్లీషువారు మన నెల్లూరు తీరమందలి దుగరాజపట్నమున కోట కట్టిరి. 1639లో చెన్నపట్టణమునకు హక్కు పొందిరి. ఆ బట్టలలో మన సీమలో నేసి నీలిలో అద్దిన సాలెంపూరులును ఉండెడివి. వానిని అట్లాంటికు నావలి పశ్చిమ ఇండీసు దీవులలోని బానిసల దుస్తులకై కొనిపోయెడివారు. బానిసత్వము తొలగుటతో ఆ వర్తకము క్షీణించెను. వెట్టివాని చేతి వెండి ఒక దిక్కునుండి వచ్చుచు, బానిస మేని బట్ట మరియొక దిక్కునకు పోవుచుండగా, నడుమ మన సాలెవాని మగ్గ మాడెను.

వచ్చిన డాలరులు మన సంతలలో నాణెములుగా చెల్లినవి తక్కువ. షరాబు వానిని తూచి, వన్నె చూచి, వెండిగానే లెక్కించెడివాడు. తరువాత చెన్నపట్టణపు టంకశాలలో వానిని కరగించి రూపాయలు కొట్టెడివారు. ఆ టంకశాల 1869లో మూతపడువరకు ఎంత అమెరికా వెండి యట్లు రూపుమాసినదో చెప్పనలవికాదు. కాని 1807లోను, తరువాతి కొలది యేండ్లలోను ఒక విశేషము జరిగినది. కుంఫిణీవారు వెండితో అర వరహా, పావు వరహా నాణెములను వెలువరించునప్పుడు, కొన్నిటిని కరగింపకయే స్పానిషు డాలరులపై క్రొత్త అచ్చు వేసిరి. డాలరు 27 గ్రాములు, అర వరహా 21 గ్రాములకు స్వల్పముగా నెక్కువ. కాబట్టి దానిని తూకమునకు తగ్గించుట తప్పలేదు. అచ్చు దెబ్బ సమముగా పడనిచోట పాత వ్రాత మిగిలినది. మా యింటి బిళ్ల అట్టిది.

ఇదే కాలమున ఇదే పని సముద్రముల కావల బ్రెజిలులో జరుగుచుండెను. నెపోలియను దండయాత్రకు వెఱచి పోర్చుగలు రాజకుటుంబము 1808లో రియో ది జనీరో చేరెను. ఖజానాకు పైకము కావలసి, 1810 నుండి వారు స్పానిషు డాలరులను 750 లేక 800 రెయిసులకు కొని, వానిపై తమ యచ్చు వేసి, 960 రెయిసులుగా చెలామణి చేసిరి. నడిమి లాభము ప్రభుత్వమునకు దక్కెను. ఈ 960 రెయిసుల నాణెములే నేడు సేకరణకారుల కత్యంత ప్రియములు. ఒకే బిళ్లపై పోర్చుగలు కవచముక్రింద స్పెయిను రాజు ముక్కు కనబడును. అదృష్ట మున్నచో పాత సంవత్సరమును, పాత టంకశాల గుర్తును గూడ చదువవచ్చును. చెన్నపట్టణపు అర వరహా, బ్రెజిలు 960 రెయిసులు ఒక తల్లి బిడ్డలే యని చెప్పదగును. రెండిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిననాడు నాకు సేకరణమన నేమో తెలిసినది.

ఇక పందొమ్మిదవ శతాబ్దపు దక్షిణామెరికా నాణెముల మాట. ఈ శ్రేణి యంతయు నొక స్వాతంత్ర్య సంగ్రామ చరిత్ర. పుస్తకములో వ్రాసినవాడు తరువాత కాలమున దిద్దుకొనవచ్చును. నాణెము ముద్రపడిన దినమున నెవరి చేత అధికార మున్నదో వారి మాటనే చెప్పును.

పొటోసి టంకశాల నొక్కదానినే తీసికొందము. శతాబ్ది ఆరంభమున నచ్చట నాలుగవ చార్లెసు రాజు శిరస్సుతో నాణెములు వెలువడినవి. 1813లో బ్వేనోసైరిసునుండి వచ్చిన స్వాతంత్ర్య సైన్యము నగరమును పట్టుకొనగా, అవే యంత్రములు రాజు శిరస్సు విడిచి, కిరణములతో వెలుగు సూర్యముఖమును ముద్రించినవి. ‘ఐక్యమునందును స్వేచ్ఛయందును’ అని దానిపై వ్రాసిరి. రాజపక్షమువారు నగరమును తిరిగి గైకొనగా రాజు మరల వచ్చెను. 1815లో సూర్యుడు మరల నుదయించెను. ఆ యేడే మరల నస్తమించెను. 1825 వరకు ఏడవ ఫెర్డినాండు శిరస్సే నడచినది. తరువాత బొలీవియా రాజ్య మేర్పడి, 1827 నుండి బొలివారు శిరస్సుతో ఎనిమిది సోళ్ల నాణెములు వెలువడినవి. వాని వెనుక ఒక చెట్టు, దానికిరువైపుల ఒంటె జాతికి చెందిన లామా యను జంతువులు రెండు పండుకొని యుండును; పైన నారు నక్షత్రములు. అంచుపై ‘అయకూచో, సూక్రే, 1824’ అని స్పెయిను సేనలు ఓడిన యుద్ధము పేరు, సేనాపతి పేరు చెక్కియుండును. పదునాలుగేండ్లలో ఒకే కొండ వెండి ఇన్ని ముఖములు దాల్చినది.

లిమాలో మరియొక చిత్రము. 1808లో ఫెర్డినాండు సింహాసన మెక్కినట్లు వార్త వచ్చెను గాని, క్రొత్త రాజు ప్రతిరూపము రాలేదు. అచ్చు చెక్కువాడు రాజు నెన్నడు చూడక, తన యూహనుబట్టి యొక ముఖము చెక్కెను. 1811 వరకు ఆ కల్పిత ముఖమే రాజముఖముగా చెల్లినది. ఆ పట్టణముననే, పెరూ స్వతంత్రులు 1822 నుండి ముద్రించిన నాణెములు కొన్ని 1824లో రాజపక్షమువారి చేత చిక్కగా, వారు వానిపై కిరీటమును, 1824 అను సంఖ్యను కొట్టి తమవిగా చేసికొనిరి. 1825 నుండి పెరూ నాణెములపై డాలు ధరించి నిలిచిన స్వాతంత్ర్య దేవత కనబడును. ‘ఐక్యమువలన దృఢము, సుఖప్రదము’ అని చుట్టును వాక్యము.

చిలీ దేశము 1817లో వెలువరించిన పెసోపై అగ్నిపర్వతము పొగలు క్రక్కుచుండును. ‘స్వతంత్ర చిలీ’ యని వ్రాయబడినది. ఆ దేశము తన స్వాతంత్ర్యమును శాసనపూర్వకముగా ప్రకటించినది 1818 ఫిబ్రవరిలో. అనగా ప్రకటన పత్రముకంటె నాణెమే ముందు పలికినది. మాంటివిడియో నగరము శత్రువులచే ముట్టడింపబడియున్నప్పుడు 1844లో లోపలివారు ముద్రించిన పెసోపై ‘మాంటివిడియో ముట్టడి’ యని యున్నది. శతాబ్ది నడిమినుండి దేశములు ఫ్రాన్సు ఐదు ఫ్రాంకుల కొలత ననుసరించి 25 గ్రాముల తూనికకు, 900 పాళ్ల వన్నెకు వచ్చినవి. 1853లో చిలీ పెసో, 1863లో పెరూ సోలు, 1864లో బొలీవియానో, 1884లో ఈక్వెడారు సూక్రే ఆ తెగలోనివి.

ఈ సముద్రమున దిగువారు మొదట నొక రేవు నెన్నుకొనవలెను. అన్ని దేశములవి, అన్ని సంవత్సరములవి కూడబెట్ట పూనుట ధనవంతునికైనను దుర్లభము. పొటోసి నొక్కదానినే కోరి, రాజముఖము, సూర్యముఖము, బొలివారు, బొలీవియానో అని నాలుగు నాణెములు సంపాదించినచో అదియే యొక చిన్న గ్రంథము. సూర్యముఖపు పెద్ద నాణెము వెల భరింపలేనిచో చిన్న విలువగల నాణెముతో తృప్తిపడవచ్చును. ముక్కలలోను చరిత్ర యంతే యుండును.

చేతికి వచ్చిన నాణెము నెట్లు చదువవలెను? రాజుల డాలరుపై ‘రెక్స్’ అను మాట ముగిసినచోట టంకశాల గుర్తుండును. మెక్సికోకు ఎం అక్షరముపై చిన్న సున్న. లిమాకు ఆ పేరులోని యక్షరములు అల్లిన గుర్తు. పొటోసికి పి, టి, ఎస్ అక్షరములు ఒకదానిలో నొకటి పెనవైచిన గుర్తు. సాంటియాగోకు ఎస్ అక్షరముపై సున్న. దాని తరువాత విలువ, ఆ తరువాత వన్నె పరీక్షించిన యధికారుల పేళ్ల మొదటి యక్షరములు. వన్నె తగ్గినచో శిక్ష యెవరికి పడవలెనో తెలియుటకే ఆ యక్షరములు. సంవత్సరమునకును ఆ యక్షరములకును పొందిక లేనిచో నాణెమును సందేహింపవలెను.

కూటనాణెములు ఆనాడును ఉండెను, ఈనాడును ఉన్నవి. మొదటి పరీక్ష త్రాసు. తరువాత అంచు. రాజశిరస్సు గల డాలరుల అంచుపై నొక వలయము, నొక దీర్ఘచతురస్రము మార్చి మార్చి వచ్చును. పోతపోసిన కూటనాణెమున నచ్చట నతుకు గీత కనబడును. మూడవది నీటి పరీక్ష. నాణెమును సన్నని దారమున త్రాసునకు వ్రేలగట్టి మొదట గాలిలోను, పిదప నీటిలో ముంచియు తూచవలెను. 27 గ్రాముల మంచి డాలరు నీటిలో సుమారు 2.6 గ్రాములు తగ్గును. జర్మను వెండితో చేసిన దైనచో ఆ తూనికకే 3 గ్రాములకు పైగా తగ్గును. దీనికి ఖర్చు లేదు, నాణెమునకు హాని లేదు. గీటురాయిపై గీయుట మాత్రము వలదు.

హాని యనగా ముఖ్యమైనదానిని చెప్పెదను. మన యిండ్లలో వెండిని చింతపండుతోను, బూడిదతోను తోముట మంచి యలవాటుగా నెంచుదురు. చెంబునకు మంచిదే, నాణెమునకు మృత్యువు. ఆ నల్లదనము గంధకపు గాలివలన వెండిపై నేర్పడిన పొర. దానిని తోమినప్పుడు వెండిపై పొరకూడ కొంత పోవును. అక్షరముల మొనలు అరిగిపోవును. మా మేనత్త యేటేట తోమకుండినచో ఆ మూడక్షరములతో పాటు మరి రెండు మూడు మిగిలియుండెడివేమో. మట్టి యంటినచో మంచినీటిలో నానబెట్టి, మెత్తని బట్టతో అద్ది యారబెట్టిన చాలును. రబ్బరు పట్టీలు వెండిని నలుపుచేయును. ప్లాస్టికు సంచులలో మెత్తని రకము కాలక్రమమున జిగటయై నాణెమును తినివేయును. ఆమ్లము లేని కాగితపు కవరులో నుంచి, పైన తూనిక, గుర్తులు, ఎచ్చట నెప్పుడు లభించినదో వ్రాయుట ఉత్తమము. ఎవరింట దొరకినదో తెలియని నాణెము సగము మూగది.

చట్టము సంగతియు తెలిసియుండవలెను. భూమిలో దొరకిన నిధి పది రూపాయల విలువకు మించినచో, 1878 నాటి నిధుల చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు. అనుమతి లేక దేశము దాటింపరాదు. విదేశముననుండి వచ్చిన నాణెమే గదా యని తలచుట పొరపాటు.

మన నెల్లూరు సీమకు ఈ విషయమున నొక పాత పాఠ మున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర నెల్లూరి సమీపమున నొక కొండప్రక్క పొలము దున్నుచున్న రైతు నాగలికి ఇటుక కట్టడము తగిలెను. త్రవ్వగా నొక చిన్న గుడి శిథిలములు, వాని క్రింద చిన్న కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణెములు బయలుపడినవి. ట్రాజను, హేడ్రియను, ఫాస్టీనా అను వారి ముఖములు వానిపై నుండెను. రైతు వానిని పాత బంగారము ధరకు అమ్మెను. పెక్కు నాణెములు కరగిపోయినవి. వార్త విని ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను దక్కించుకొనెను. మిగిలినవానిపై నెవరి ముఖము లుండెనో, మన తీరమునకు రోము వర్తకు లే కాలమువరకు వచ్చిరో తెలుపు సాక్ష్యము మూసలో పోయినది. ఆ రైతు నేమందుము? అతనికి బంగారమే కావలసియుండెను. దానిపై వ్రాతను చదివి చెప్పువారు అతని చెంత లేరు.

మా యింట జరిగినదియు నదియే. మిగిలిన బిళ్లపై ఐ, ఎన్, డి అను అక్షరముల తరువాత ‘రెక్స్’ అను మాట లీలగా నున్నది. దాని వెంటనే టంకశాల గుర్తుండవలెను. సరిగా నాచోటనే మన తెలుగక్షరములు బలముగా దిగినవి. క్రింది గుర్తు పూర్తిగా నణగిపోయినది. ఆ వెండి మెక్సికోదో, లిమాదో, పొటోసిదో నాకెన్నటికిని తెలియదు. కరగిన బిళ్లపై ఆ గుర్తు నిలిచియుండెనేమో. నేను కుంపటి ప్రక్కన కూర్చుండి చూచుచుంటిని, చదువుట రాకపోయెను.

మొలత్రాడు కట్టుకొన్న ఆ శిశువు పెరిగి పెద్దవాడైనాడు. ఆ మొలత్రాటిని మరల కరగించి పట్టీలు చేసికొన్నారు. వెండికి నష్టమేమియు కలుగలేదు. అది యెప్పటికిని వెండియే. పోయినది వ్రాత మాత్రమే. మీ యిండ్లలోని దేవుని గూళ్లయందును, కాసుల పేరులయందును, తాతల నాటి పెట్టెలయందును ఇట్టి బిళ్ల లుండవచ్చును. వాని నమ్ముకొనవలదని నేను చెప్పుట లేదు. అక్కర యెవరికైన నక్కరయే. కంసాలి కిచ్చుటకు ముందు ఒక్క గడియ వెలుతురులో పెట్టి రెండు ప్రక్కల చూడుడు. తూనిక, అక్షరములు, బొమ్మలు కాగితముపై వ్రాసికొనుడు. వీలైనచో చెన్నపట్టణపు ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలకో, సమీపమున నాణెము లెరిగినవారికో చూపుడు. అటుపిమ్మట మీ యిష్టము.